డిట్రా-హీట్ సమీక్ష: చెక్క నేల మీద వేడి టైల్స్ వేయించే ముందు

చెక్క దూలాల మీద నిలిచిన గదిలో టైల్స్ వేయించి, వాటి కింద కరెంటుతో పనిచేసే హీటింగ్ కూడా పెట్టించాలనుకునేవారు తప్పకుండా వినే పేర్లలో శ్లూటర్ సంస్థ తయారు చేసే డిట్రా-హీట్ ఒకటి. గుబ్బలు గుబ్బలుగా ఉండే నారింజ రంగు ప్లాస్టిక్ షీటు, ఆ గుబ్బల మధ్య ఇమిడే హీటింగ్ కేబుల్, గోడకు బిగించే థర్మోస్టాట్, ఈ మూడూ కలిస్తేనే ఆ వ్యవస్థ పూర్తవుతుంది. పై అంతస్తులోని మా స్నానాల గదికి దీన్ని వేయించి, పని జరిగినంతసేపూ దగ్గరుండి చూసి, ఆ తరువాత వాడుతూ వచ్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. తనకు అప్పగించిన పనిని ఈ పొర చక్కగా చేస్తుంది, కాని ఆ పని చాలామంది అనుకునేంత పెద్దది కాదు. టైల్స్ పగలకుండా పది కాలాల పాటు నిలుస్తాయా లేదా అన్నది దీని కింద ఉన్న ప్లైవుడ్డూ, ప్లైవుడ్ కింద ఉన్న దూలాలూ తేల్చే విషయం. అందువల్ల ఈ సమీక్షలో ఎక్కువ భాగం పొర పరిచే ముందు జరగవలసిన పని గురించే ఉంటుంది.

చెక్కకూ టైలుకూ ఎందుకు పొసగదో తెలిస్తేగాని ఈ సరుకు విలువ బోధపడదు. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పలక పొడవున దాదాపు కనిపించదు, వెడల్పునే కనిపిస్తుంది. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న పైన్ పలకలో తేమ నాలుగు శాతం తగ్గితే వెడల్పు ఒక మిల్లీమీటరుకు పైగా తగ్గవచ్చు. అదే పింగాణీ టైల్స్ సంగతి చూస్తే, రెండు మీటర్ల వరుస 15 డిగ్రీలు వేడెక్కినా 0.2 మిల్లీమీటర్ల దగ్గరే సాగుతుంది. ఒకటి కదులుతూ ఉంటే, దానికి అంటుకున్న రెండోది కదలనంటుంది. మధ్యలో హీటింగ్ వచ్చి చేరితే చెక్క ఇంకా ఆరుతుంది. మామూలు గదిలో పది, పన్నెండు శాతం తేమతో ఉండే చెక్క, కింద హీటింగ్ నడిచే నేలలో ఆరు నుంచి ఎనిమిది శాతానికి దిగుతుంది. చలికాలంలో హీటింగ్ నడిచినంత కాలం ఆరడం, అది ఆపిన నెలల్లో మళ్ళీ ఉబ్బడం ఏటా జరిగే తంతు కాబట్టి, టైల్స్‌ను నేరుగా చెక్కకు అతికిస్తే ఆ ఒత్తిడి అంతా అతుకు మీద, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ గీతల మీద పడుతుంది.

ఇక్కడ ఒక విషయాన్ని విడదీసి చూడాలి. చెక్క నేల రెండు రకాలుగా కదులుతుంది. తేమ వల్ల, వేడి వల్ల పక్కలకు జరిగే కదలిక మొదటిది. మనిషి నడిచినప్పుడు, నీళ్ళు నిండిన తొట్టి బరువు మోపినప్పుడు దూలాలు కిందికి వంగడం రెండోది. డిట్రా-హీట్ మొదటి కదలికను టైలుకు చేరకుండా ఆపగలదు. రెండోదాన్ని అది ఆపలేదు, ఆపుతానని తయారీదారు చెప్పనూ లేదు. భారం మోయగల, చదునైన, గట్టి నేల మీదే పరచాలని సంస్థ ఇచ్చే పత్రంలోనే ఉంది. ఆ మాట దుకాణాలకు చేరేలోపల మారిపోతుంది. నేను విచారించిన ఒక దుకాణంలో ఈ పొర వేస్తే కింద నేలను గట్టిపరచనక్కర్లేదని ధైర్యంగా చెప్పారు. ఆ సలహా వింటే షీటు క్షేమంగానే ఉంటుంది, పగిలేవి పైనున్న టైల్స్.

ఇక సరుకు విషయానికి వస్తాను. శ్లూటర్ సంస్థను 1966లో జర్మనీలోని ఇజర్లోన్ పట్టణంలో వెర్నర్ శ్లూటర్ అనే టైల్స్ మేస్త్రి ప్రారంభించారు. హీటింగ్ లేని మామూలు డిట్రా పొర 1987లో వచ్చింది, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది దాని సంతతే. షీటును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే దాని రహస్యం అర్థమవుతుంది. అడుగు వైపు ఉన్నిలాంటి పల్చని బట్ట అతికి ఉంటుంది. నేలకు రాసిన అడెసివ్, అంటే టైల్స్ అతికించే సిమెంటు జిగురు, ఈ బట్ట పోగుల్లోకి దిగి గట్టిపడుతుంది. పై వైపు గుండ్రని గుబ్బలు వరుసగా లేచి ఉంటాయి. వాటి అంచులు పైన కాస్త వెడల్పుగా, మొదట్లో కాస్త సన్నగా ఉండడం వల్ల, మధ్య సందుల్లో నింపిన అడెసివ్ ఆరాక పైకి ఊడి రాదు. అంటే టైల్స్ ఒక అడెసివ్ పొరను, నేల మరొక అడెసివ్ పొరను పట్టుకుంటాయి. రెండింటి మధ్య ఉన్న ప్లాస్టిక్, బట్ట కొద్దిగా సాగి, కింద చెక్క పక్కకు జరిగినప్పుడు ఆ కదలికలో చాలా భాగాన్ని మింగేస్తాయి. కేబుల్‌ను వేలితో నొక్కితే గుబ్బల మధ్య టక్కున కూర్చుంటుంది. క్లిప్పులు, టేపు, జిగురు ఏవీ అక్కర్లేదు. వరుస బాగా రాలేదనుకుంటే లాగి మళ్ళీ కూర్చోబెట్టవచ్చు. వలలాంటి మెష్‌కు అతికించి వచ్చే కేబుల్ మ్యాట్లలో ఈ వెసులుబాటు లేదు.

ఇంత చిన్న వస్తువు మీద నమ్మకం పెట్టే ముందు నేలను ఎలా సిద్ధం చేయాలో చెప్పాలి. పాత నేల పలకల్లో ఒకదాన్ని ఎత్తి దూలాలను చూడకుండా ఏదీ కొనవద్దని నా గట్టి సలహా. దూలం మందం, లోతు, ఒక ఆధారం నుంచి మరో ఆధారానికి దూరం, దూలానికీ దూలానికీ మధ్య ఎడం, ఈ నాలుగూ కొలిస్తే నేల ఎంత వంగుతుందో ఇంజనీరు గాని, అనుభవమున్న వడ్రంగి గాని లెక్క కట్టి చెప్పగలరు. పింగాణీ టైల్స్‌కు సాధారణంగా పాటించే హద్దు ఏమిటంటే, భారం పడినప్పుడు నేల వంపు ఆధారాల మధ్య దూరంలో 360వ వంతుకు మించకూడదు. అంటే 3.6 మీటర్ల దూలం నడిమధ్య పది మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. గ్రానైటు, పాలరాయి వంటి సహజ రాళ్ళకు ఇందులో సగమే, 720వ వంతే హద్దు. రాతి పలకలకు సాగే గుణం ఇంకా తక్కువ కాబట్టి ఆ జాగ్రత్త న్యాయమే. లెక్క సంగతి అటుంచినా, గది మధ్యలో నిలబడి మడమలు పైకెత్తి ఒక్కసారి దించినప్పుడు అలమారలో గాజు సామాను గలగలమంటే ఆ నేల టైల్స్‌కు సిద్ధంగా లేనట్టే.

వంపు ఎక్కువగా ఉంటే పలు మార్గాలున్నాయి. దూలాల మధ్య అడ్డు చెక్కలు బిగిస్తే ఒక్కో దూలం విడిగా ఊగకుండా భారాన్ని పంచుకుంటాయి. అది చాలకపోతే పాత దూలానికి పక్కనే మరో దూలం చేర్చి బోల్టులతో బిగించాలి. కింద అంతస్తు కప్పు విప్పే వీలుంటే ఈ పని సుఖంగా సాగుతుంది. పైనుంచి చేయవలసి వస్తే పలకలన్నీ ఎత్తక తప్పదు. పైన మందమైన ప్లైవుడ్ వేసినంత మాత్రాన దూలాల వంపు గణనీయంగా తగ్గిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ప్లైవుడ్ ఉపయోగం ముఖ్యంగా దూలానికీ దూలానికీ నడుమ నేల దిగబడకుండా చూడడం. పని చేయించేవారిలో చాలామంది ఈ రెండు వంపులనూ ఒకటిగా భావించి, దూలాలకు పెట్టవలసిన ఖర్చును ప్లైవుడ్ మీద పెడతారు.

పాత నేల పార్టికల్ బోర్డుతో వేసి ఉంటే దాన్ని తీసేయడమే మంచిది. ఒక్కసారి నీళ్ళు తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డు మళ్ళీ పాత మందానికి రాదు, స్నానాల గదిలో నీళ్ళు తగలకుండా ఉండే రోజూ రాదు. గట్టి చెక్క పలకలు బాగుంటే వాటిని ఉంచవచ్చు, కాని మేకులను నమ్మకూడదు. పాత మేకులు వదులై, పలక కిర్రుమన్న ప్రతిచోటా దూలంలోకి దిగేలా స్క్రూలు బిగించాలి. అంతకు ముందే పలకల కింద నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడెక్కడ పోతున్నాయో చూసి, పలకల మీదే చాక్‌పీసుతో గీసుకోవాలి. అంచులు లేచి దోనెలా వంగిన పలకలను చిత్రిక పట్టి చదును చేయాలి, మరీ వంగినవాటిని మార్చాలి.

వాటి మీద వేసే ప్లైవుడ్ తేమకు ఓర్చుకునే బాహ్య వాడుక రకం అయి ఉండాలి. మందం విషయంలో 15 మిల్లీమీటర్లు కనీస హద్దు అనుకున్నా, హీటింగ్ ఉన్న నేలకు 18 వేయించడమే నాకు సబబుగా తోచింది. షీట్లను కొనగానే బిగించేయకుండా, అదే గదిలో కొన్నాళ్ళు విడివిడిగా నిలబెట్టి ఆ గాలికి అలవాటు పడనివ్వాలి. అడుగు వైపునూ నాలుగు అంచులనూ సీలర్‌తో ముందే పూయించాలి, ఎందుకంటే బిగించాక ఆ భాగాలకు చేయి అందదు. కింది నుంచి వచ్చే తేమ చేరేది అక్కడికే. షీటుకూ షీటుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు, గోడల దగ్గర అంతకన్నా ఎక్కువ ఎడం వదలాలి. నాలుగు షీట్ల మూలలు ఒకే బిందువు దగ్గర కలవకుండా ఇటుక వరుసల్లా తప్పించి పరచాలి. ప్లైవుడ్ అతుకు కింది పలకల అతుకు మీదికి రాకూడదు. స్క్రూలు అంచుల్లో 150 మిల్లీమీటర్లకు ఒకటి, మధ్యలో 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున పడాలి. తలలు చెక్కలోకి దిగి ఉండాలి. ఇది చదవడానికి విసుగు, చేయించడానికి ఇంకా విసుగు. అయినా మా గదిలో ఈరోజు నడిచినప్పుడు ఏ మూలా చప్పుడు రాకపోవడానికి కారణం నారింజ షీటు కాదు, ఈ స్క్రూలే.

చదును ఎంత కావాలన్నదానికి స్పష్టమైన కొలత ఉంది. రెండు మీటర్ల లెవెల్ పట్టీ నేల మీద ఎటు పెట్టినా దాని కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనబడకూడదు. పెద్ద టైల్స్ వేసేవారికి ఇది మరీ ముఖ్యం. ఇక ప్లైవుడ్ పై వైపున వడ్రంగుల తెల్ల జిగురును నీళ్ళలో కలిపి ప్రైమరుగా పూసే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు. తడి అడెసివ్ తగలగానే ఆ జిగురు పొర మళ్ళీ మెత్తబడి, అడెసివ్‌కూ చెక్కకూ మధ్య జారుడు పొరగా మిగిలిపోతుంది. అడెసివ్ తయారీదారు చెప్పిన ప్రైమర్ ఉంటే అదే వేయాలి, లేకపోతే ఊరికే దుమ్ము పీల్చేసి వదలాలి.

డిట్రా-హీట్ రెండు రకాలుగా దొరుకుతుంది. మామూలు రకం మందం 5.5 మిల్లీమీటర్లు. డ్యువో అనే రెండో రకానికి అడుగున మందమైన బట్ట ఉంటుంది, దాని మొత్తం మందం 7 నుంచి 8 మిల్లీమీటర్లు. వేడి కిందికి పోకుండా, పైకి త్వరగా వచ్చేలా ఆ అదనపు బట్ట తోడ్పడుతుంది. ఏది కొనాలన్నది నేల కింద ఏముందన్న దానిని బట్టి తేల్చుకోవాలి. ఉష్ణ నిరోధాన్ని లెక్కగడితే (అంకె పెద్దదైన కొద్దీ వేడి తక్కువగా దాటుతుంది) 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఇచ్చేది సుమారు 0.14, ఆరు మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు ఇచ్చేది సుమారు 0.18. దూలాల మధ్య వంద మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటి సరుకు) నింపితే రెండున్నర దాటుతుంది. అంకెల్లోనే తేడా తెలుస్తోంది. నేల విప్పి ఉన్నప్పుడే దూలాల మధ్య రాక్‌వూల్ నింపించి, పైన మామూలు రకం వేయించడం నా లెక్కలో ఉత్తమం. మేము చేయించింది అదే. దూలాల మధ్యకు చేరే దారి లేనివారికి డ్యువో మేలు. గచ్చు నేల మీద వేసేవారి లెక్క వేరు, అది ఈ సమీక్ష పరిధిలోకి రాదు.

ఎత్తు సంగతి కూడా ముందే చూసుకోవాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పొర, దాని కిందా పైనా అడెసివ్, పది మిల్లీమీటర్ల టైలు కలిస్తే నేల దాదాపు నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. తలుపు అడుగు కోయాలి, గడప దగ్గర మెట్టు వస్తుంది, కమోడు గొట్టం ఎత్తు మారుతుంది. అన్నీ అయ్యాక గుర్తొస్తే చేయగలిగేది తక్కువ.

పొరను చెక్కకు అతికించడానికి సాగే గుణమున్న అడెసివ్ కావాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12004 ప్రకారం సంచి మీద సి2 (మెరుగైన సిమెంటు రకం) అనీ ఎస్1 అనీ ఉండేది ఎంచుకోవాలి. ఎస్1 అంటే గట్టిపడిన అడెసివ్ పట్టీ విరగకుండా కనీసం రెండున్నర మిల్లీమీటర్లు వంగగలదని, ఎస్2 అంటే కనీసం ఐదు మిల్లీమీటర్లు వంగగలదని అర్థం. చిన్న పళ్ళ తాపీతో అడెసివ్ గీసి, షీటు పరిచి, చెక్క బద్దతో నొక్కుతూ పోవాలి. ఇక్కడ మా మేస్త్రి చేసిన ఒక పని నాకు నచ్చింది. ప్రతి షీటూ పరచగానే ఒక మూల ఎత్తి, బట్ట మీద అడెసివ్ పూర్తిగా అంటిందో, గీతలు గీతలుగానే మిగిలిందో చూశాడు. గీతలుగా కనిపించిన చోట మళ్ళీ రాయించాడు. ఆ గీతల మధ్య ఉండే గాలి ఖాళీలే తరువాత నడిచినప్పుడు డొల్ల చప్పుడు చేస్తాయి. షీట్లు చుట్టగానూ, విడి పలకలుగానూ దొరుకుతాయి. చుట్ట విప్పాక అంచులు లేస్తూ విసిగిస్తాయి కాబట్టి చిన్న గదికి విడి పలకలే హాయి.

కేబుల్ కొనేటప్పుడు గది మొత్తం వైశాల్యం కాకుండా ఖాళీగా ఉండే నేల వైశాల్యం లెక్కలోకి తీసుకోవాలి. తొట్టి కింద, నేలకు ఆనుకుని కూర్చునే అలమార కింద కేబుల్ పోకూడదు, అక్కడ వేడి పైకి పోయే దారి లేక పోగుపడుతుంది. గుబ్బల వరుసల్లో తొమ్మిది సెంటీమీటర్ల ఎడంతో వేస్తే చదరపు మీటరుకు 136 వాట్లు వస్తుంది. ఉదాహరణకు ఖాళీ నేల మూడున్నర చదరపు మీటర్లు ఉంటే మొత్తం 476 వాట్లు. సరిగ్గా ఆ కొలతకు కేబుల్ దొరకనప్పుడు దానికన్నా చిన్నదే తీసుకోవాలి, ఎందుకంటే హీటింగ్ కేబుల్‌ను ఏ పరిస్థితిలోనూ కోయకూడదు. మిగిలిన కేబుల్‌ను ఎక్కడో దూర్చడం, వరుసలు దగ్గరికి జరపడం, ఒకదాని మీదుగా మరొకటి దాటించడం ప్రమాదమే. థర్మోస్టాట్ నుంచి వచ్చే, వేడెక్కని చల్లని తీగ హీటింగ్ తీగతో కలిసే జాయింటు లావుగా ఉంటుంది. దానికి సరిపడా గుబ్బలు కోసి గుంట చేసి, అది కూడా టైల్స్ కింద అడెసివ్‌లో పూర్తిగా మునిగేలా చూడాలి. నేల వేడిని కొలిచే సెన్సర్‌ను రెండు కేబుల్ వరుసల నడుమ, దేనికీ తగలకుండా పెట్టాలి. నా మాట వింటే రెండో సెన్సర్‌ను కూడా వేసి, దాని తీగను స్విచ్ పెట్టెలో వదిలేయండి. మొదటిది పాడైనప్పుడు టైలు పగలగొట్టే పని తప్పుతుంది.

కేబుల్ క్షేమంగా ఉందో లేదో తెలుసుకునే పరీక్ష చాలా సులువు, దానికి ఎవరూ బద్ధకించకూడదు. 230 వోల్టుల దగ్గర 476 వాట్లు తీసుకునే కేబుల్ నిరోధం సుమారు 111 ఓములు ఉండాలి. పెట్టెలోంచి తీయగానే, గుబ్బల్లో పరిచాక, టైల్స్ వేశాక, ఈ మూడుసార్లూ మల్టీమీటరుతో కొలిచి, లేబుల్ మీద ముద్రించిన విలువతో పోల్చాలి. తీగకూ దాని చుట్టూ ఉన్న లోహపు అల్లికకూ మధ్య ఇన్సులేషన్ పరీక్ష కూడా ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి. ఇది స్నానాల గది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) లేకుండా కరెంటు ఇప్పించకూడదు. ఈ భాగం మేస్త్రి పని కాదు, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

నేను ఈ సరుకులో ఎంచే లోపాల్లో ముఖ్యమైనది ఈ దశలోనే బయటపడుతుంది. కేబుల్ పరిచాక, టైల్స్ వేసేదాకా అది తెరిచి ఉంటుంది. గుబ్బలు కొంత కాపాడతాయి, అయినా మేస్త్రి అదే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఇనుప తాపీతో పని చేయాలి. బూటు మడమ, కింద పడిన సుత్తి, తాపీ మూల, వీటిలో ఏ ఒక్కటి తీగను గాయపరిచినా అది టైల్స్ వేశాకే తెలుస్తుంది. నడిచే దారి పొడవునా ప్లైవుడ్ ముక్కలు పరిచి, పక్కనే మల్టీమీటరు తగిలించి ఉంచి పని చేయించాల్సి వచ్చింది. మెష్ మ్యాట్ వేసి దాని మీద తనంతట తానే చదునయ్యే సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమం పది మిల్లీమీటర్లు పోసే పద్ధతిలో ఈ భయం తక్కువ, మిశ్రమం ఆరాక తీగ లోపల భద్రంగా ఉంటుంది, నేల కూడా అద్దంలా చదునవుతుంది. ఆ మ్యాట్ చవక కూడా. అయితే ఆ మిశ్రమం చదరపు మీటరుకు దాదాపు ఇరవై కిలోల బరువును దూలాల మీద పెడుతుంది, చెక్క మీద వాడదగిన నారలు కలిపిన రకమే పోయాలి, అది ఆరేదాకా ఆగాలి, ఆపైన పక్క కదలికను ఆపే పొర వేరే వేయాలి. చెక్క నేలకు డిట్రా-హీట్‌ను ఎంచుకోవడంలో ఉన్న అసలు తర్కం ఇదే. ఆ రెండు పొరల పనినీ ఇది ఒకే పొరలో, తక్కువ ఎత్తులో, తక్కువ బరువుతో చేస్తుంది. వేడి నీటి గొట్టాలతో నడిచే వ్యవస్థ ఇంటి మొత్తానికి వేయించేవారికి పొదుపు. ఒక్క స్నానాల గది కోసం అంత హంగు అనవసరం.

టైల్స్ వేసేటప్పుడు ముందుగా తాపీ చదునైన అంచుతో గుబ్బల సందులన్నీ నింపి, ఆ తరువాతే పళ్ళ అంచుతో గీయాలి. అడెసివ్ మామూలు నేల కంటే బాగా ఎక్కువ పడుతుంది, సంచులు లెక్కపెట్టుకునేటప్పుడు ఇది మరచిపోవద్దు. కింద ప్లాస్టిక్, పైన పింగాణీ ఉండడం వల్ల మధ్యలోని అడెసివ్‌కు ఆరే దారి గ్రౌట్ సందులే. పెద్ద టైల్స్ కింద అది ఇంకా నెమ్మదిస్తుంది, కాబట్టి గ్రౌట్ వేసే తొందర వద్దు. 50 మిల్లీమీటర్ల కంటే చిన్న మొజాయిక్ ముక్కలు ఈ పొర మీద పనికిరావు, ఒక్కో ముక్క కింద తగినన్ని సందులు పడక, భారమంతా ఒక గుబ్బ మీద పడుతుంది. స్నానాల గదికి చిన్న ముక్కలు ఇష్టపడేవారు ఈ ఒక్క కారణంతోనే వేరే దారి వెతుక్కోవాలి. గోడల వెంబడి గ్రౌట్ నింపకుండా సిలికాన్‌తో మూయించాలి. నీళ్ళు దిగకుండా ఉండాలంటే షీట్ల అతుకుల మీద, గోడ మూలల్లో పట్టీ అతికించడం తప్పనిసరి. షీటు నీటిని ఆపుతుందన్న మాట నిజమే, అతుకుల దగ్గర మాత్రం పట్టీ లేకపోతే ఆ మాట చెల్లదు.

పని పూర్తయ్యాక కనీసం ఏడు రోజులు హీటింగ్ వేయకూడదు. ఆ తరువాత కూడా మొదటి రోజే పూర్తి వేడికి తీసుకుపోకుండా రోజుకు కొన్ని డిగ్రీల చొప్పున పెంచాలి. అడెసివ్‌కు ఇది ఎంత అవసరమో, తేమ వదులుకుంటున్న ప్లైవుడ్‌కు అంతకన్నా ఎక్కువ అవసరం. మనుషులు మసలే గదుల్లో నేల వేడి 29 డిగ్రీలు, స్నానాల గదుల్లో 33 డిగ్రీలు దాటకూడదన్నది నీటి గొట్టాల హీటింగ్‌కు ఉన్న యూరప్ ప్రమాణం. కరెంటు హీటింగ్‌కూ అదే హద్దుగా పెట్టుకోవడం మంచిది. నేను ఆ పై అంచుదాకా ఎప్పుడూ పోలేదు, 27 దగ్గరే పాదాలకు సుఖంగా ఉంటుంది, దానికి మించితే కింద చెక్కను అనవసరంగా ఆరబెట్టడమే.

వాడకంలో ఈ నేల నన్ను తృప్తిపరిచింది. పైన మిశ్రమం బరువు లేకపోవడంతో వేడి త్వరగా పైకి వస్తుంది, కాబట్టి రోజంతా నడపకుండా ఉదయం, రాత్రి వేళలకు టైమర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఆపిన వెంటనే చల్లారడం కూడా అంతే త్వరగా జరుగుతుంది, వేడి నిలవ ఉండాలనుకునేవారికి ఇది లోటే. కేబుల్ వరుసల మీద వేడిగా, మధ్యలో చల్లగా చారలు చారలుగా ఉంటుందేమోనన్న అనుమానం ఉండేది, పాదానికి ఆ తేడా తెలియడం లేదు. గోడ అంచుల దగ్గర మాత్రం ఒక బెత్తెడు మేర చల్లగానే ఉంటుంది. ఒక చలికాలం, ఒక వానాకాలం గడిచాక గ్రౌట్ గీతల్లో వెంట్రుకవాసి పగులు కూడా కనబడలేదు, నాణెంతో తట్టి చూస్తే ఎక్కడా డొల్ల మోత రాలేదు.

అభ్యంతరాలు రెండు మిగిలాయి. ఆ గుబ్బల కొలతకు తగ్గట్టు తయారైన కేబుల్ అదే సంస్థ దగ్గర తీసుకోవాలి, దాంతో థర్మోస్టాట్ కూడా వాళ్ళదే తీసుకునే పరిస్థితి వస్తుంది, మొత్తం మీద ధర మెష్ మ్యాట్ కంటే బాగా ఎక్కువవుతుంది. దూలాలను గట్టిపరచడానికి డబ్బు సరిపోక ఈ పొర ఒక్కటే కొనగలిగే స్థితిలో ఉన్నవారు దీన్ని కొనవద్దు. ఆ డబ్బుతో ముందు దూలాల పని చేయించి, హీటింగ్‌ను తరువాతి మరమ్మతుకు వాయిదా వేయాలి. దూలాలు గట్టిగా ఉండి, ఎత్తు పెంచడానికి చోటు తక్కువగా ఉన్న గదికి మాత్రం ఇంతకన్నా మంచి సరుకు నాకు కనబడలేదు.

కొన్నవారికి ఒక చివరి సూచన ఉంది. కేబుల్ పరిచాక, టైల్స్ వేయకముందు, గోడ మూలల నుంచి కొలతలు కనిపించేలా టేపు పరిచి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఆ ఫోటోల ప్రతినీ, మూడుసార్లు కొలిచిన ఓముల విలువల కాగితాన్నీ థర్మోస్టాట్ వెనుక పెట్టెలో మడిచి పెట్టండి. రేపు ఎవరైనా కమోడు మార్చడానికి నేలలో రంధ్రం వేయాలని వచ్చినప్పుడు, డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో ఆ కాగితం చూసి చెప్పవచ్చు.